వరంగల్ దగ్గరి మామునూరు లాంటి చిన్న విమానాశ్రయానికి డబ్బు ఎవరు పెడతారు? ఇంత ఆలస్యం ఎందుకు?

సూటిగా చెప్పాలంటే భూమి ఖర్చు రాష్ట్రానిది. రన్‌వే, టెర్మినల్ ఖర్చు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాది.

వరంగల్‌కు వీటికంటే ముందు ఇంకో అడ్డంకి ఉండేది. శంషాబాద్ విమానాశ్రయం కోసం, దాన్ని కట్టి నడుపుతున్న జీఎంఆర్ సంస్థతో చేసుకున్న ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదు. మామునూరు ఆ పరిధిలోనే ఉంది. అందుకే నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉండి కూడా పని కదల్లేదు. జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాకే 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం వచ్చింది.

ఇక భూమి. అథారిటీ దగ్గర దాదాపు 696 ఎకరాలున్నాయి. రన్‌వే పొడిగించడానికి ఇంకో 253 ఎకరాలు కావాలి. దానికోసం రాష్ట్రం 2024 నవంబరులో రూ.205 కోట్లు మంజూరు చేసింది. నా దృష్టిలో అసలు కష్టం ఇక్కడే. పొడవు పెంచితే సరిపోదు, రన్‌వేకి రెండు పక్కలా ఖాళీ స్ట్రిప్, చివర్లలో సేఫ్టీ ఏరియా వదలాలి. అంటే గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరి పొలం పోతుంది. వాళ్లకు పరిహారం న్యాయంగా, త్వరగా అందకపోతే కేసులు పడతాయి, పని ఏళ్ల తరబడి ఆగుతుంది.

కట్టాక విమానాలు నడవాలి కదా! చిన్న ఊళ్లకు విమానాలు నడిపించేందుకు కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద ఎయిర్‌లైన్‌కు వచ్చే లోటును సాధారణంగా మూడేళ్లు ప్రభుత్వాలే భరిస్తాయి. అందులో మన రాష్ట్రాల వాటా 20 శాతం. కడప–హైదరాబాద్ సర్వీసు 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కిందే మొదలైంది. ఆ సాయం ఆగాక కూడా సీట్లు నిండుతాయా అన్న లెక్క ముందే వేసుకోవాలి, టెర్మినల్ సైజు దాన్ని బట్టే ఉండాలి.