తకారాలు ఒకటా, రెండా?

సందేహం: విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాను. భాషాతత్త్వం మాకు ఒక పేపరు. దాన్ని కొందరు ‘తత్వం’ అనీ, కొందరు ‘తత్త్వం’ అనీ రాస్తున్నారు. ఏది సరైనది? అది భాషాశాస్త్రమేగా అంటారు మా నాన్నగారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: ‘తత్త్వం’ అనే రాయండమ్మా. ‘తత్’ అంటే అది. దానికి ‘త్వ’ ప్రత్యయం చేరింది. తత్‌లోని తకారం ఒకటి, ప్రత్యయంలోని తకారం మరొకటి. సత్త్వం, మహత్త్వం కూడా ఇలా ఏర్పడ్డవే. కవిత్వం, మానవత్వం వంటి వాటిలో మూలపదం తకారంతో ముగియదు కనుక అక్కడ ఒకటే. చెవికి తేడా తెలియదు కాబట్టి వాడుకలో ‘తత్వం’ బాగా పాతుకుపోయింది. అలా రాసేవారితో నాకు పేచీ లేదు. కానీ మాట పుట్టుకను విచారించే చదువు మీది. దాని పేరులోనే ఒక అక్షరాన్ని జారవిడుచుకోవద్దని నా మనవి. ఒక వస్తువును ‘అది’గా నిలిపేదేదో అదే తత్త్వం. తెలుగులో ‘అదితనం’ అనుకోండి.

ఇప్పుడు ఛాందోగ్యోపనిషత్తులోని ‘తత్త్వమసి’ చూడండి. అక్షరాలు అవే. కానీ ఇక్కడ ‘త్వం’ ప్రత్యయం కాదు, ‘నీవు’ అనే సర్వనామం. ఆ సంగతి మనకు చెప్పింది చివరనున్న ‘అసి’ అనే క్రియ. అంటే చివరి మాట వినేదాకా మొదటి మాట ఏమిటో తేలలేదు! వాక్యం అఖండమనీ, పదాలు మనం విడదీసుకున్నవేననీ ‘వాక్యపదీయం’ రాసిన వ్యాకరణవేత్త భర్తృహరి అన్నది ఇందుకే కదా అనిపిస్తుంది. వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మీమాంసకుల్లో దీనిపై రెండు పక్షాలు: పదాలు ముందు తమ అర్థాలు చెబితే, అవి కలిసి వాక్యార్థమవుతాయని కుమారిలుడి పక్షం. పదం మొదటినుంచీ ఇతర పదాలతో అన్వయించిన అర్థాన్నే చెబుతుందని ప్రభాకరుడి పక్షం. ‘ఆవును తీసుకురా’, ‘ఆవును కట్టు’ అని పెద్దలు అనడం, ఆ పనులు జరగడం చూసే పిల్లవాడు ‘ఆవు’ అనే మాటను నేర్చుకుంటాడు. విడిమాటగా ఎవరూ వాడికి అప్పజెప్పరు. అందుకే నా మొగ్గు ప్రభాకరుడి వైపు. ఈ పాఠం విని నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ పసిపిల్లలు మాట్లాడుతుంటే ఆగి వింటాను.

ఇక నాన్నగారి మాట. ధ్వనులు, పదాల నిర్మాణం, వాక్యాల పొందిక, భాషల మార్పులు భాషాశాస్త్రానికి చెందినవి. అసలు శబ్దం అర్థాన్ని ఎలా మోస్తుందన్నది భాషాతత్త్వం అడిగే ప్రశ్న. రెండూ ఇరుగుపొరుగులే గాని ఒకే ఇల్లు కాదు.

నాన్నగారికి శుక్రగ్రహాన్ని చూపించండి. కొన్ని నెలలు తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో సముద్రం మీద వేగుచుక్కగా పొడుస్తుంది. మరికొన్ని నెలలు పొద్దుగూకాక కొండల వైపు సాయంత్రపు చుక్కగా కనిపిస్తుంది. ‘వేగుచుక్క వేగుచుక్కే’ అంటే కొత్తగా తెలిసిందేమీ లేదు. ‘సాయంత్రపు చుక్క వేగుచుక్కే’ అంటే మాత్రం ఒక గొప్ప సంగతి తెలిసింది. రెండు పేర్లూ సూచించే వస్తువు ఒకటే అయినప్పుడు ఆ తేడా ఎక్కడిది? జర్మన్ తార్కికుడు గోట్లోబ్ ఫ్రేగె 1892లో ఈ ప్రశ్న వేసుకొని, పేరు చూపే వస్తువు వేరు, దాన్ని చూపే తీరు వేరు అని తేల్చాడు. ధ్వనులనూ ప్రత్యయాలనూ ఎంత పరీక్షించినా ఈ జవాబు దొరకదని నాన్నగారితో చెప్పండి.