కట్టెకి మూత పెట్టకురా అల్లుడూ

చి. మేనల్లుడికి,

మీ పెద్దమావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పులు మామూలే.

రావులపాలెం దగ్గర హైవే పక్కన కట్టెల పొయ్యి హోటల్‌కి స్థలం కుదిరిందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన ఫోటో కూడా చూశాను. గోడ వారగా నీలం డ్రమ్ములు వరసగా నిలబెట్టావు. సరుగుడు పుల్ల ఇప్పుడే చవగ్గా కొని, వాటిల్లో కుక్కి మూతలు బిగించేస్తే వానాకాలం టెన్షన్ ఉండదని నీ ఆలోచన. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యిల ముందు జుట్టు నెరిసిన వంట మేస్త్రిగా చెబుతున్నాను, ఆ పని చెయ్యకు.

పచ్చి కట్టెని డ్రమ్ములో పెట్టి మూత వేస్తే దాని తడి అందులోనే తిరుగుతూ ఉంటుంది. పగలు ఎండకి ఆవిరై మూతకి పడుతుంది, రాత్రి చల్లబడి చుక్కలుగా మళ్ళీ కట్టె మీదకే దిగుతుంది. కొద్ది రోజుల్లోనే తెల్లగా బూజు కడుతుంది, మూత తీస్తే ముక్కిన వాసన కొడుతుంది. కట్టె ఎండడానికి ముందు కావలసింది గాలి, ఎండ ఆ తరవాత. నువ్వు ఏ పాత డబ్బా తెచ్చినా, ఏ పాత ట్రే తెచ్చినా, అందులోంచి గాలి అటు నుంచి ఇటు పోతుందా లేదా అని చూసుకో. పోయేదైతే కొను, లేకపోతే వదిలెయ్.

అప్పుడే నరికిన చెట్టు బరువులో ఇంచుమించు సగం నీళ్ళే. పొయ్యిలోకి వెళ్ళే నాటికి అది నూటికి 20 పాళ్ళకో, ఇంకా కిందకో దిగాలి. మన డెల్టాలో గాలే తేమగా ఉంటుంది కాబట్టి బయట పేర్చిన కట్టె 15 దగ్గరకి వచ్చి ఆగిపోతుంది, రాయలసీమలో ఎండినట్టు ఇక్కడ ఎండదు. అది చాలు మనకి. పచ్చిది పెడితే ఏమవుతుందో హోటల్ పెట్టిన మొదటి వారంలోనే తెలుస్తుంది. మంట వేడి సగం నీళ్ళు మరిగించడానికే పోతున్నట్టుంటుంది, పుల్ల చివర్ల నుంచి నురగ కక్కుతుంది, పొగ కమ్ముతుంది. ఎసరు తెర్లే టైముకి మంట పడిపోతే అన్నం పలుకు మీద ఆగిపోతుంది. దమ్ బిర్యానీకి మూత మీద పొయ్యడానికి నిప్పులు కావాలంటే అవీ సరిగ్గా దిగవు. అన్నిటికన్నా కష్టం డబ్బు సంగతి. అడితిలో కట్టె కాటా వేసి అమ్ముతారు. టన్ను పచ్చి పుల్ల కొన్నావంటే అందులో నాలుగైదు వందల కిలోలు నువ్వు నీళ్ళు కొన్నట్టే.

మరి దేంట్లో పెట్టాలి అంటావా. రాజమండ్రిలోనో అమలాపురంలోనో పాత ఇనుప సామాన్ల కొట్లలో అడుగు. 1000 లీటర్ల తెల్ల చదరపు ట్యాంకులు చూసే ఉంటావు, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం, కింద పాలెట్టు అనే అడుగు చట్రం ఉంటాయి. లోపలి ప్లాస్టిక్ ట్యాంకు చిల్లు పడితే అది ఎందుకూ పనికిరాదు గానీ పంజరం గట్టిగానే ఉంటుంది. మనకి కావలసింది ఆ పంజరమే. నాలుగు వైపులా గాలి ఆడుతుంది, కింద పాలెట్టు ఉంది కాబట్టి నేలకి తగలదు. ముందు వైపు పై సగం గొట్టాలు వెల్డింగ్ షాపులో కోయించు, చెయ్యి పెట్టి పుల్ల తీసుకోవడానికి వీలుగా. ట్యాంకు లోపల ఉండగా మాత్రం కటింగ్ పెట్టనివ్వకు. అందులో ముందు ఏం పోశారో తెలియదు, ఆవిరి మిగిలి ఉంటే అంటుకుంటుంది. ట్యాంకు బయటికి లాగి, పంజరం శుభ్రంగా కడిగాకే వెల్డర్‌ని పిలువు.

ఆ పంజరం కొలతలు మనకి బాగా కలిసొస్తాయి. పొడవు నాలుగడుగులు, వెడల్పు మూడుంపావు అడుగులు. పుల్లలు అడుగున్నరకి కోయించావనుకో, వెడల్పులో రెండు వరసలు పడతాయి, మధ్యలో మూడంగుళాలు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ పూడ్చేయకు, గాలి నడిచే దారి అదే. ఎండిన సరుగుడు అయితే ఒక్కో పంజరంలో అర టన్ను దాకా పడుతుంది.

పుల్ల పేర్చేటప్పుడు కోసిన చివర్లు బయటికి కనబడాలి. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు వేరు నుంచి ఆకుకి నిలువుగా ఏ దారిన పాకాయో, ఎండేటప్పుడు ఎక్కువగా ఆ దారినే బయటికొస్తాయి. బెరడు తడిని అంత తేలిగ్గా పోనివ్వదు. అందుకే మణికట్టు కంటే లావున్న ప్రతి పుల్లనీ చీల్చాల్సిందే. సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడే గొడ్డలికి లొంగుతుంది, ఎండాక మొండికేస్తుంది. కాబట్టి లారీ దిగిన వారంలోనే చీల్పించెయ్, రేపు చూద్దాంలే అనకు. పనివాళ్ళు చీల్చిన పేళ్ళు నున్నగా, సందు లేకుండా పేర్చి చూడ్డానికి అందంగా ఉందంటారు. ఆ అందం మనకొద్దు. చెయ్యి దూరేంత కాకపోయినా వేళ్ళు దూరేంత సందులు ఉండాలి.

పంజరం కింద పాలెట్టు ఉందని నేరుగా నేల మీద పెట్టకు. మన నేల సంగతి నీకు తెలుసుగా, ఏడాదిలో ఎక్కువ నెలలు కాలవలు పారుతూనే ఉంటాయి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు తప్ప నేలలో చెమ్మ ఆరదు. గోదారికి వరదొస్తే ఏటిగట్టు ఇవతల కూడా ఊట తగులుతుంది. నాలుగు మూలలా రెండేసి సిమెంటు ఇటుకలు పెట్టి దాని మీద ఎక్కించు. చీపురు దూరేంత ఎత్తు ఉంటే చెద పుట్ట లేస్తే కనబడుతుంది, పాము చేరినా కనబడుతుంది. గోడకి మూరెడు దూరం వదులు. పంజరం నాలుగడుగుల ముఖం దక్షిణానికి తిప్పు, వేసవి సాయంత్రాలు వచ్చే పైరగాలి పేళ్ళ సందుల్లోంచి దూసుకుపోతుంది. ఆ గాలి ఊరికే వస్తుంది, దాన్ని వాడుకోకపోతే ఎలా.

పైన ఒక రేకు వాలుగా వెయ్యి, చుట్టూ జానెడు బయటికి రావాలి. అంతే. వాన వస్తుందని భయపడి బరకం తెచ్చి పైనుంచి కింద దాకా చుట్టేస్తే అది మళ్ళీ నీ నీలం డ్రమ్మే. ముసురు పట్టినప్పుడు పడమటి జల్లు కొట్టే వైపు మాత్రం బరకం వేలాడదియ్యి, తెరిపివ్వగానే ఎత్తెయ్యి. నాలుగు చినుకులు పడితే ఎండిన కట్టెకి ఏమీ కాదు, పైపైన తడుస్తుంది, రెండు రోజుల గాలికి ఆరిపోతుంది. లోపలి పచ్చిదనం ఆరడానికే నెలలు పట్టేది.

ఎన్నాళ్ళు అని అడుగుతావు. ఇది మాఘం. ఇప్పుడు కొట్టి, చీల్చి పేర్చిన సన్నపాటి సరుగుడు రోహిణీ కార్తె దాటేసరికి పొయ్యికి సిద్ధమవుతుంది. తుమ్మా, చింతా అయితే అలా కుదరదు, లావు పేళ్ళకి వచ్చే ఏడాది దాకా ఆగాలి. కానీ నెలల లెక్క నమ్ముకుని కూర్చోకు, కట్టెనే అడుగు. రెండు పేళ్ళు ఒకదానితో ఒకటి కొట్టు. ఎండితే ఖంగుమంటుంది, పచ్చిదైతే మొద్దుగా పలుకుతుంది. చివర్లు చూడు, మధ్యలోంచి చుట్టూ నెర్రెలు విచ్చుకుని ఉండాలి. బెరడు గోరుతో లేపితే ఊడిపోవాలి.

ఇంకా గట్టి పద్ధతి ఒకటుంది. ప్రతి పంజరం నడిమి వరసలోంచి ఒక పేడు తీసి దానికి ఎర్ర పెయింటు పుయ్యి, హోటల్ కాటా మీద తూచి బరువు ఆ పేడు మీదే సుద్దతో రాయి. పదిహేను రోజులకోసారి మళ్ళీ తూచు. మొదట్లో గబగబా తగ్గుతుంది, పోను పోను నెమ్మదిస్తుంది. రెండు మూడు సార్లు తూచినా బరువు మారలేదంటే ఎండిందన్న మాటే. ఆన్‌లైన్‌లో తేమ చూసే చిన్న మీటర్లు కూడా దొరుకుతున్నాయి, రెండు సూదులు గుచ్చితే అంకె చూపిస్తుంది. కొనుక్కో, తప్పు లేదు. గుచ్చేటప్పుడు మాత్రం పేడుని చీల్చి, లోపలి కొత్త ముఖం మీద గుచ్చు. బయట గుచ్చితే నీకు నచ్చే అంకే చూపిస్తుంది!

పంజరానికి ఒక రేకు ముక్క కట్టి ఏ నెలలో పేర్చావో రాసి పెట్టు. లేకపోతే మీ వంటవాడు దగ్గర్లో ఉన్న పంజరంలోంచే లాగేస్తాడు. వంటవాళ్ళ సంగతి నాకు చెప్పక్కర్లేదు.

రొయ్యల చెరువుల దగ్గర, చేపల కాటాల దగ్గర పాత ప్లాస్టిక్ ట్రేలు అమ్ముతారు, పక్కలకీ అడుక్కీ కన్నాలుంటాయి. అవి ఎండబెట్టడానికి కాదు గానీ పెరట్లోంచి వంటశాలకి మోయడానికి బాగుంటాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఒక గుండిగ అన్నానికి ఎన్ని ట్రేలు కాలిందో నాలుగు రోజులు గమనిస్తే నీకు లెక్క దొరుకుతుంది. ఎండలో వదిలేస్తే పెళుసెక్కి విరుగుతాయి, నీడన పెట్టు. పాత ఎయిర్ కూలర్ ఇనుప డొల్ల దొరికితే వదలకు, మూడు వైపులా జాలీయే కాబట్టి రాజేసుకునే సన్న పుల్లలకి అంతకన్నా మంచిది లేదు. పాత ఫ్రిజ్ మాత్రం వద్దు, దానికి ఊపిరాడదు. అనపర్తి వైపు కోళ్ళ ఫారాలు మూసేసినప్పుడు ఇనుప జాలీ గూళ్ళు తుక్కు కింద అమ్ముతుంటారు, రెట్ట పూర్తిగా కడిగిస్తే అవీ పనికొస్తాయి.

ఇక నీ డ్రమ్ములు. పారెయ్యక్కర్లేదు. పూర్తిగా ఎండిన కొబ్బరి చిప్పలు, డొక్కలు, తాటి మట్ట ముక్కలు వాటిల్లో పోసుకో, అడుగున నాలుగు కన్నాలు పెట్టి, మూత వదులుగా వెయ్యి. కానీ ముందు ఒక్కో డ్రమ్ములో ఏముండేదో కనుక్కో. చెరువుల మీద నుంచి వచ్చినవంటే బ్లీచింగ్ పౌడరుదో మందులదో అయ్యుంటాయి. పురుగుమందు డ్రమ్ము హోటల్ ఆవరణలోకే రాకూడదు. బ్లీచింగ్ డ్రమ్ము అడుగున కాస్త పొడి మిగిలినా పీచు, పుల్ల తగిలి దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. అనుమానం ఉన్నవి తిరిగి ఇచ్చెయ్, నాలుగు వందలు పోయినా పోనీ.

కట్టె రకాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మంటకి సరుగుడు, నిప్పులకి చింత, తుమ్మ. సరుగుడులో లావు దుంగలు రాజమండ్రి పేపరు మిల్లుకి పోతాయి, మనకి దొరికేది కొమ్మలూ మొదళ్ళూ. మొదళ్ళు చవక గానీ ఇసక పట్టి ఉంటుంది, గొడ్డలి అంచు పోతుంది. కొబ్బరి మొద్దులు ఎవరైనా ఊరికే ఇస్తామంటే మొహమాటపడకుండా వద్దను. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో తోటలకి తోటలు పడిపోయినప్పుడు కొబ్బరి మొద్దులకి కరువే లేదు, కాలవ గట్ల మీద ఎక్కడ చూసినా అవే. కానీ కొబ్బరి మొద్దు పైన గట్టిగా కనబడుతుంది, లోపల గుల్లగా ఉండి నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. గన్నేరు కొమ్మ ఒక్కటి కూడా కలవనివ్వకు, విషం. కోరింగ వైపు నుంచి మడ పుల్ల తెచ్చామంటూ ఎవరైనా చవగ్గా ఇస్తే అసలు తీసుకోకు. అభయారణ్యంలో నరకడం నేరం, పైగా అందులో తిల్ల అనే మడ చెట్టు పుల్ల కలిసిందంటే దాని పాలే కాదు, పొగ కూడా కళ్ళకి మంచిది కాదు. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు వంట పొయ్యిలో పెట్టకు.

రాత్రిపూట పుల్ల తియ్యాల్సొస్తే టార్చి లేకుండా చెయ్యి పెట్టొద్దని పనివాళ్ళకి గట్టిగా చెప్పు. కట్లపాము రాత్రే తిరుగుతుంది, కరిచినా పెద్దగా నొప్పి తెలియదు, అదే దాని ప్రమాదం. అనుమానం వస్తే చాలు, మంత్రాలూ ఆకుపసర్లూ అనకుండా నేరుగా ఆసుపత్రికి పంపు. రేపటికి కావలసిన పుల్ల పగలే ట్రేల్లో నింపి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. పంజరాలు గ్యాస్ సిలిండర్ల గదికి దూరంగా పెట్టించు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురు వినగానే పై రేకులు తీసి కింద పడుకోబెట్టు, గాలికి లేచిన రేకు మనిషిని కోసేస్తుంది.

అడితికి శుక్రవారం వెళ్తున్నావట. లోడు ఎక్కించే ముందు నాలుగు దుంగలు పక్కకి లాగించి వాటి చివర్లు చూడు. నీళ్ళతో తడిపి బరువు పెంచారేమోనని అనుమానం వస్తే ఒకటి చీల్పించు. లోపల పొడిగా ఉండి పైన మాత్రం తడిస్తే పోసిన నీళ్ళే. కాటా సున్నా చూశాకే లారీ ఎక్కనివ్వు. రేటు దగ్గర పేచీ వస్తే అక్కణ్ణుంచే నాకు ఫోను చెయ్యి, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దమావయ్య