ఆసుపత్రి పర్యావరణ కమిటీ: చెత్తబుట్టల దగ్గర మొదలుపెట్టకండి

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఆసుపత్రి కొత్తగా వేసిన పర్యావరణ కమిటీలో మిమ్మల్ని చేర్చారు, ఎక్కడ మొదలుపెట్టాలి? రోగి భద్రతను పణంగా పెట్టి చేసే పని కాదా ఇది అని తోటివారు అడుగుతున్నారు, వారికేం చెప్పాలి? కొనే వస్తువుల వెనక ఉన్న కార్మికుల సంగతి, అంటే నైతిక బాధ్యత, ఇదే కమిటీ చూడాలా? నేను ఆపరేషన్ థియేటర్ నర్సును, చాలా ఏళ్లుగా థియేటర్ల ఇన్‌చార్జిని. ఇలాంటి కమిటీలో మొదటినుంచీ ఉన్నాను. కాబట్టి థియేటర్ వైపునుంచి కనిపించేదే ఎక్కువ చెబుతాను.

మీరు రాసిన ప్రణాళికలో మొక్కలు నాటడం, క్యాంటీన్‌లో ప్లాస్టిక్ సీసాలు మానేయడం, వార్డుల్లో రంగు రంగుల చెత్తబుట్టలు పెట్టడం ఉన్నాయి. ఇవేవీ చెడ్డ పనులు కావు. కానీ దాదాపు ప్రతి కమిటీ వీటితోనే మొదలై వీటితోనే ఆగిపోతుంది. ఎందుకంటే వీటికి ఏ డాక్టరూ తన అలవాటు మార్చుకోనక్కర్లేదు, కొనుగోలు విభాగం ఒక్క కాగితం కూడా తిరగరాయనక్కర్లేదు.

హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అనే సంస్థ 2019లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో వైద్యరంగం వాటా 4.4 శాతం. అందులో ఆసుపత్రుల నుంచి, వాటి వాహనాల నుంచి నేరుగా వెలువడేది 17 శాతం. బయటనుంచి కొన్న కరెంటు వంటి వాటివల్ల 12 శాతం. మిగతా 71 శాతం మనం కొనే మందులు, పరికరాలు, ఆహారం, వాటి తయారీ, రవాణా వగైరాల్లో దాగి ఉంది. అంటే మీరు ముందు చూడవలసింది చెత్తబుట్టను కాదు, ఏమేం కావాలో రాసి స్టోర్స్‌కు పంపే ఇండెంట్ పుస్తకాన్ని.

మా దగ్గర మొదట కదిలింది మత్తు వాయువుల వ్యవహారం. రోగి పీల్చే మత్తు మందులను శరీరం పెద్దగా మార్చదు. పీల్చినదాంట్లో దాదాపు అంతా అలాగే బయటికి వచ్చి, గొట్టం గుండా భవనం దాటి గాలిలో కలుస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు మందు తనంత బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 2,500 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. దాని బదులు వాడగల సెవోఫ్లూరేన్ ప్రభావం అందులో పదో వంతు కూడా ఉండదు. 240 మిల్లీలీటర్ల డెస్‌ఫ్లూరేన్ సీసా ఒకటి ఖాళీ చేస్తే దాదాపు 890 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. స్కాట్లాండ్ 2023లో దీని వాడకం ఆపింది, మరుసటి ఏడాది ఇంగ్లండ్ అదే దారి పట్టింది. ఐరోపా సమాఖ్యలో 2026 జనవరి నుంచి, వైద్యపరంగా తప్పనిసరి అయితే తప్ప, వాడకూడదు.

దీనిమీద మా మత్తు డాక్టర్ల మధ్య పెద్ద చర్చే నడిచింది. డెస్‌ఫ్లూరేన్‌తో రోగి కొన్ని నిమిషాలు ముందుగా తేరుకుంటాడన్నది నిజమే. అయితే ఆ కొన్ని నిమిషాలు అందరికీ అవసరమా అన్నది ఇంకో ప్రశ్న. చివరికి నిషేధం జోలికి పోలేదు. డెస్‌ఫ్లూరేన్ వేపరైజర్లను, అంటే మందును ఆవిరిగా మార్చే పరికరాలను, మత్తు యంత్రాల మీదనుంచి తీసి అలమరాలో పెట్టాం. కావాలన్నవారికి ఇస్తాం, ఎందుకో ఒక్క వాక్యం రాయాలి, అంతే. అడిగేవారు వాళ్లంతట వాళ్లే తగ్గిపోయారు. నిషేధించి ఉంటే సగంమంది పంతానికి పోయేవారు. డాక్టర్లతో పనిచేసిన ఏ నర్సుకైనా ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

తర్వాతి మెట్టు తాజా వాయు ప్రవాహం, అంటే మత్తు మందును మోసుకెళ్లడానికి యంత్రంలోకి కొత్తగా పంపే ఆక్సిజన్, గాలి. యంత్రంలోకి నిమిషానికి రెండు లీటర్లు పంపే చోట ఒక్క లీటరు పంపితే, ఆవిరయ్యే మత్తు మందు దాదాపు సగానికి పడిపోతుంది. యంత్రంలో మంచి మానిటర్లు ఉన్నప్పుడు రోగికి దీనివల్ల తేడా రాదు. కొత్త పరికరం కొనక్కర్లేదు, నాబ్ తిప్పితే చాలు. కాకపోతే తిప్పాలని గుర్తుండాలి. అందుకే మా డాక్టర్లు యంత్రం స్క్రీన్ పక్కన ఒక చీటీ అంటించారు.

ఇక నొప్పి తగ్గించడానికి, మత్తుకు తోడుగా వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు. ఇది నూరేళ్లకు పైగా వాతావరణంలో ఉండిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది, ఓజోన్ పొరకూ చేటు చేస్తుంది. విడ్డూరం ఏమిటంటే, పైపులైన్ ద్వారా సరఫరా అయ్యే నైట్రస్‌లో చాలా భాగం రోగిని చేరనే చేరదని బ్రిటన్‌లో జరిగిన తనిఖీల్లో బయటపడింది. గోడల్లోని పైపుల కీళ్లలో, సిలిండర్ల గదిలో అది కారిపోతూ ఉంటుంది. వాసన గాఢంగా ఉండదు, అలారం మోగదు, సిలిండర్ ఖాళీ అయితే మార్చేస్తారు. మీ కమిటీ చేయగల పరీక్ష చాలా తేలిక. ఏడాదిలో కొన్న నైట్రస్ ఎంతో స్టోర్స్‌లో అడగండి. మత్తు రికార్డుల్లో వాడినట్టు రాసింది ఎంతో లెక్క కట్టండి. మా ఆసుపత్రిలో ఆ రెండు అంకెలను ఒకే కాగితం మీద చూసినప్పుడు సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పైపులైన్ మూసి, అవసరమైన చోట చిన్న సిలిండర్ యంత్రానికే తగిలించాం. అమెరికా మత్తు వైద్యుల సంఘం కూడా 2024లో ఇదే సలహా ఇచ్చింది.

వీటన్నిటిలో రోగి భద్రతకు ఎక్కడైనా దెబ్బ తగిలిందా? లేదు. అయినా మీ తోటివారి ప్రశ్నను కొట్టిపారేయకండి. అది నిజంగా తలెత్తేది ఒకసారి వాడి పారేసే వస్తువుల దగ్గర. పారేసేదే శుభ్రమైనది, మళ్లీ వాడేది ప్రమాదం అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. దానికి జవాబుగా నేను ఎప్పుడూ ఇంగ్లండ్‌లో జరిగిన టాన్సిల్ ఆపరేషన్ల సంగతి చెబుతాను. పిచ్చి ఆవు వ్యాధికి సంబంధించిన మెదడు జబ్బు పరికరాల ద్వారా వ్యాపించవచ్చన్న భయంతో 2001 జనవరిలో టాన్సిల్ ఆపరేషన్లకు ఒకసారి వాడి పారేసే పరికరాలే వాడాలని అక్కడి ఆరోగ్య శాఖ ఆదేశించింది. ఆ తర్వాత ఆపరేషన్ అయిన రోగుల్లో రక్తస్రావాలు పెరిగాయన్న నివేదికలు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ వాడే పరికరాలకు తిరిగి వెళ్లమన్నారు. ఊహించిన ప్రమాదాన్ని తప్పించబోయి అసలు ప్రమాదాన్ని తెచ్చుకున్నారు. పారేసేదా, మళ్లీ వాడేదా అన్నదాన్ని ఒక్కో వస్తువుకు విడిగా తేల్చుకోవాలి. సూది, సిరంజి ఎప్పటికీ ఒకసారివే. అక్కడ బేరం లేదు. గౌన్లు, రోగి మీద కప్పే డ్రేప్‌లు, గొంతులోకి చూసే లారింగోస్కోప్ హ్యాండిళ్లు, స్టీలు గిన్నెలు, ట్రేలు అలా కావు. వాటిని ఉతికి లేదా కడిగి, ఆటోక్లేవ్ చేసి, అంటే ఒత్తిడి పెంచిన ఆవిరిలో క్రిములను చంపి, వాడే పద్ధతి దశాబ్దాలుగా నడిచింది.

ఒక్క షరతు. మీ స్టెరిలైజేషన్ విభాగం గట్టిగా ఉండాలి. అక్కడ మనుషులు చాలక, యంత్రం మొరాయిస్తూ ఉంటే గుడ్డ గౌన్ల ఊసెత్తకండి. ముందు ఆ విభాగాన్ని బాగుచేయించండి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును మొదటి సమావేశం నుంచే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె ఒప్పుకోని ఏ మార్పూ నిలవదు, నిలవకూడదు కూడా.

పరికరాల సెట్ల విషయంలో ఒక చిన్న పని చేసి చూడండి. ఏదైనా ఒక ఆపరేషన్ సెట్‌లో నిజంగా చేతిలోకి తీసుకున్న పరికరాలు ఏవి, తాకకుండానే తిరిగి కడగడానికి వెళ్లినవి ఏవి అని కొన్ని వారాలు గుర్తులు పెట్టించండి. ఎప్పుడో వెళ్లిపోయిన సర్జన్ ఒకాయన అడిగిన క్లాంపు ఇప్పటికీ ప్రతి సెట్‌లో ఉంటుంది. దాన్ని అన్నేళ్లుగా కడుగుతూ, ఉడికిస్తూ, చుడుతూ ఉంటాం. సెట్ తేలికైతే మా నడుములకూ కాస్త ఉపశమనం. గ్లౌజుల సంగతీ ఇంతే. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి అవసరం లేని చోట గ్లౌజులు తీసేయమని 2018లో ప్రచారం మొదలుపెట్టి, ఒక్క ఏడాదిలో 21 టన్నుల ప్లాస్టిక్ తగ్గించింది. గ్లౌజు తొడుక్కుంటే చేతులు కడగనక్కర్లేదనే భ్రమ పోయింది కాబట్టి చేతుల శుభ్రతకూ అది మేలే.

మీ కమిటీలో ఇంజినీరింగ్ విభాగం వ్యక్తి లేరని రాశారు. ఆయన్ను చేర్చండి. థియేటర్లు చదరపు అడుగుకు ఆసుపత్రిలోని మిగతా చోట్లకంటే మూడునుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి తింటాయని, అందులో 90 శాతానికి పైగా గాలిని వేడిచేసి, చల్లార్చి, తిప్పడానికే పోతుందని మూడు దేశాల ఆసుపత్రులను పోల్చిన 2017 నాటి అధ్యయనం తేల్చింది. రాత్రంతా ఖాళీగా ఉన్న థియేటర్‌లో కూడా గాలి పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది. గది పీడనం చెడకుండా వేగం తగ్గించే ఏర్పాటు ఆయన చేయగలరు. అత్యవసర థియేటర్ జోలికి మాత్రం వెళ్లవద్దు.

ఇన్‌హేలర్ల గురించి అడిగారు కాబట్టి క్లుప్తంగా. ఒత్తితే స్ప్రే చేసే ఇన్‌హేలర్లలో చాలావాటిలో మందును తోసే వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచే రకం. పొడి ఇన్‌హేలర్లలో అది ఉండదు. కానీ చిన్న పిల్లలు, బాగా ఆయాసపడేవారు పొడిని గట్టిగా లాగలేరు. పర్యావరణం పేరు చెప్పి బాగా కుదిరిన ఇన్‌హేలర్‌ను ఎవరికీ మార్చవద్దు. అది ఆ రోగి, డాక్టరు మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం. ఉబ్బసం అదుపులో లేని మనిషి మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరడం కంటే పెద్ద వృథా ఉండదు.

ఆ మాటకొస్తే, అవసరం లేని వైద్యమే అన్నిటికంటే పెద్ద వృథా. ఆరోగ్యానికి చేసే ఖర్చులో దాదాపు ఐదో వంతు రోగికి పెద్దగా మేలు చేయని వాటికే పోతోందని, ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2017లో చెప్పింది. నోటితో మింగగల రోగికి అదే మందు సెలైన్‌లో ఎక్కించడం చూడండి. ఒక మాత్ర బదులు ఒక సీసా, ఒక గొట్టం, ఒక సూది, ఒక స్టాండు, ఒక నర్సు సమయం, పైగా చేతి నరం వాపు. కొంతమంది రోగులు సెలైన్ ఎక్కిస్తేనే వైద్యం జరిగినట్టు అనుకుంటారు, నిజమే. వాళ్లకు కూర్చుని చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలు ఎవరి దగ్గరా ఉండవు. ఇది కమిటీ పరిధి కాదంటారు చాలామంది. కమిటీ పరిధి కాకపోతే ఇంకెవరి పరిధో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఇక నైతిక బాధ్యత. విడదీయకండి, ఒకే కమిటీ చూడాలి, ఎందుకంటే రెండు ప్రశ్నలూ ఒకే ఇండెంట్ కాగితం మీద ఉంటాయి. ప్రపంచంలో వాడే చేతి శస్త్రచికిత్స పరికరాల్లో పెద్ద భాగం పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో తయారవుతుంది. అక్కడి చిన్న వర్క్‌షాపుల్లో బాలకార్మికులు ఉన్నారన్న విషయం బయటికి వచ్చాక 2007లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ న్యాయమైన కొనుగోళ్ల కోసం ప్రత్యేక బృందాన్నే పెట్టింది. నిర్బంధ కార్మికుల చేత పని చేయిస్తున్నారన్న కారణంతో 2020లో అమెరికా కస్టమ్స్ విభాగం మలేసియాలో తయారైన గ్లౌజులను రేవుల్లో ఆపింది. ప్రాణాలు కాపాడే చేతికి తొడిగేది ఎక్కడినుంచి వచ్చిందో అడిగే హక్కు మనకుంది. సరఫరాదారును మేం అడిగేది సూటిగా ఉంటుంది: ఏ ఫ్యాక్టరీలో తయారైంది, అక్కడ కార్మికుల పరిస్థితులను బయటివారు ఎవరైనా తనిఖీ చేశారా, ఆ నివేదిక చూపించగలరా. మొదట్లో మొహం చిట్లించారు. టెండరు పత్రంలోనే ఈ ప్రశ్నలు చేర్చాక సమాధానాలు రావడం మొదలైంది. అందరూ నిజమే చెబుతారని కాదు. కానీ ఏ జవాబూ ఇవ్వనివారెవరో తెలుస్తుంది.

పాత పరికరాలను, గడువు దగ్గరపడిన మందులను పేద దేశాలకు పంపుదామన్న ఆలోచన మీ జాబితాలో ఉంది. దానిమీద నాకు చాలా అనుమానం. చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని, అందుకునేవారు అడిగినవే పంపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల విరాళాలకు నియమాలు పెట్టింది. అడగనిది పంపితే మన చెత్తను వాళ్లచేత కాల్పించినట్టే. విడిభాగాలు దొరకని యంత్రమైతే అక్కడ ఒక గది అడ్డం.

చివరగా చెత్త గురించే. మొదట వద్దన్నది మొదలుపెట్టవద్దని, మానేయమని కాదు. ఆసుపత్రి వ్యర్థాల్లో 85 శాతం మామూలు చెత్తేనని, ప్రమాదకరమైనది 15 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాగితం, ప్యాకింగు కూడా అంటురోగ వ్యర్థాల సంచిలో పడితే అదంతా అనవసరంగా కాల్చాలి. క్లోరిన్ ఉన్న పీవీసీ వంటి ప్లాస్టిక్‌ను సరైన వేడి లేకుండా కాలిస్తే డయాక్సిన్లనే విష రసాయనాలు పుడతాయి. కాబట్టి వేరుచేయడం వస్తువు వాడిన చోటే, వాడిన చేతితోనే జరగాలి. తర్వాత ఎవరో సంచి విప్పి ఏరుతారులే అనుకుంటే, ఆ ఏరే చేతికే సూది గుచ్చుకుంటుంది. మీ కమిటీలో డాక్టర్లు, మేనేజర్లు, ఫార్మసీవారు ఉన్నారు, సంచులు మోసేవారు ఒక్కరూ లేరు. ఒకరిని పిలిచి కుర్చీ వేయండి. మీ ఆసుపత్రిలో ఆ పని చేసేవారందరికీ, కాంట్రాక్టువారితో సహా, హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో మొదటి సమావేశంలోనే అడగండి. పడకపోతే మిగతా ఎజెండా వచ్చే నెలకు వాయిదా వేయవచ్చు.