ఓ-లైన్ ఒక్క డ్రాఫ్ట్‌లో తయారవుతుందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ ఆటగాళ్లను రౌండ్లవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ (ఒక్కో వంతు ఒక పిక్) గురించి ఈసారి రాసినవాళ్లలో చాలామంది బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను పక్కనపెట్టి, అతని ముందు నిలబడే ఐదుగురి గురించి, అంటే అఫెన్సివ్ లైన్ (ఓ-లైన్) గురించి అడిగారు. సంతోషం. ఆ ఐదుగురి గురించి మాట్లాడే అవకాశం మాకు ఎప్పుడోగానీ రాదు.

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ ఈ మధ్యే చూడటం మొదలుపెట్టాను. పరిగెత్తేవాళ్లు, క్యాచ్‌లు పట్టేవాళ్లు అంతమంది ఉండగా, బంతి ముట్టుకోని ఆ భారీ మనుషుల మీద మొదటి రౌండ్ పిక్ ఎందుకండీ ఖర్చు పెడతారు?

జవాబు: బంతి పట్టుకున్నవాడు నిలబడాలా, నేల కరవాలా అన్నది వాళ్ల చేతుల్లోనే ఉంటుంది కాబట్టి. మధ్యలో సెంటర్ (అతను మాత్రం ప్రతి ప్లేలోనూ బంతి ముట్టుకుంటాడు, బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టే స్నాప్ చేసేది అతనే), అతనికి రెండు పక్కలా గార్డులు, రెండు చివర్లలో టాకిల్స్. పాస్ అయితే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడాలి, రన్ అయితే దారి తెరవాలి.

ఇండియానాపోలిస్ కోల్ట్స్ కథ చూడండి. 2012లో క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్‌ను మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి పిక్‌గా తెచ్చుకున్నారు, తర్వాత ఏళ్ల తరబడి అతన్ని దెబ్బలు తిననిచ్చారు. 2016లో అతని మీద 41 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడేయడం) పడ్డాయి, భుజం గాయంతో 2017 సీజన్ మొత్తం పోయింది. 2018 డ్రాఫ్ట్‌లో ఆరో పిక్‌తో గార్డ్ క్వెంటన్ నెల్సన్‌ను, 37వ పిక్‌తో బ్రాడెన్ స్మిత్‌ను తీసుకున్నారు. లెఫ్ట్ టాకిల్ ఆంథనీ కాస్టోంజో 2011 నుంచి, సెంటర్ రయన్ కెల్లీ 2016 నుంచి అప్పటికే ఉన్నారు, వాళ్ల పక్కన వీళ్లిద్దరూ కుదురుకున్నారు. ఆ సీజన్‌లో జట్టు మొత్తం ఇచ్చిన శాక్‌లు 18, లీగ్‌లోకెల్లా తక్కువ. కానీ లక్ ఒళ్లు అప్పటికే హూనమైపోయింది, 2019 ఆగస్టులో సీజన్ మొదలవకముందే రిటైరైపోయాడు. అలాంటి ఇద్దరిని మూడేళ్లు ముందు తెచ్చుకుని ఉంటే ఎలా ఉండేదో అని కోల్ట్స్ అభిమానులు ఇప్పటికీ తలపట్టుకుంటారు.

ఇక డబ్బు సంగతి. మంచి లైన్‌మెన్‌ను సొంత జట్లు అంత తేలిగ్గా వదలవు, కాబట్టి ఒప్పందం ముగిసి ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఫ్రీ ఏజెన్సీలోకి వచ్చేవాళ్లలో పైస్థాయి వాళ్లు తక్కువ, వచ్చిన ఆ కొద్దిమందికీ రేటు మండిపోతుంది. 2011లో కొత్త కార్మిక ఒప్పందం వచ్చాక రూకీల (లీగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ల) జీతాలకు పరిమితి పెట్టారు. డ్రాఫ్ట్ అయినవాడు నాలుగేళ్లు ఆ లెక్కలోనే ఆడాలి, మొదటి రౌండ్ వాడైతే ఐదో ఏడాది కూడా ఉంచుకునే హక్కు జట్టుదే. అందుకే అందరి చూపూ డ్రాఫ్ట్ మీదే.

ప్రశ్న: మా జట్టుకు లెఫ్ట్ టాకిల్ లేడు. ఏప్రిల్‌లో మొదటి రౌండ్‌లో ఒకణ్ణి తీసుకుంటే సెప్టెంబర్ కల్లా ఆ బాధ తీరిపోతుందా?

జవాబు: తీరదండీ, చాలాసార్లు ఆ మొదటి ఏడాదే ఇంకా టెన్షన్‌గా ఉంటుంది. న్యూయార్క్ జెయింట్స్ 2020లో నాలుగో పిక్‌తో ఆండ్రూ థామస్‌ను తెచ్చుకుంటే, మొదటి సగం సీజన్ అతను పడ్డ అవస్థ చూసి పిక్ తగలబెట్టారని తిట్టనివాడు లేడు. రెండేళ్లు తిరిగేసరికి లీగ్‌లోని మంచి లెఫ్ట్ టాకిల్స్‌లో ఒకడయ్యాడు.

ఎందుకిలా అంటే, కాలేజీల్లో ఇప్పుడు ఎక్కువగా స్ప్రెడ్ అఫెన్స్ (ఆటగాళ్లను మైదానమంతా పరిచి ఆడే పద్ధతి) ఆడతారు, బంతి చేతిలోంచి చకచకా వెళ్లిపోతుంది, చేయి నేలకు ఆనించి కూర్చునే భంగిమ కూడా అలవాటు లేకుండా వచ్చేవాళ్లున్నారు. వచ్చాక నేర్పిద్దామంటే ప్రో జట్లకు టైమ్ లేదు. అదే 2011 ఒప్పందం ప్యాడ్స్ వేసుకుని చేసే ప్రాక్టీసులను రెగ్యులర్ సీజన్ మొత్తానికి 14కు కుదించింది. ఆటగాళ్ల ఒంటికి మంచిదే, కానీ లైన్‌మన్ విద్య ఎదుటివాణ్ణి నిజంగా ఢీకొంటేనే ఒంటబడుతుంది, వీడియో చూస్తే రాదు.

కాబట్టి ఖాళీ ఏర్పడ్డాక వెతకడం కాదు, ఖాళీ అవుతుందని తెలిసిన ఏడాదికి ముందే మనిషిని తెచ్చుకుని కూర్చోబెట్టుకోవాలి. ఫిలడెల్ఫియా ఈగల్స్ సెంటర్ విషయంలో చేసింది అచ్చంగా ఇదే. జేసన్ కెల్సీ ఇంకా ఆల్-ప్రో (లీగ్‌లోని ఉత్తమ ఆటగాళ్ల జాబితా) స్థాయిలో ఆడుతుండగానే 2022 రెండో రౌండ్‌లో నెబ్రాస్కా నుంచి క్యామ్ జర్గెన్స్‌ను తీసుకున్నారు, అదీ కెల్సీ అభిప్రాయం కూడా అడిగి మరీ. మొదటి ఏడాది చాలావరకు పక్కన నిలబడి చూశాడు, 2023లో కెల్సీ పక్కనే రైట్ గార్డ్‌గా ఆడాడు, 2024 మార్చిలో కెల్సీ రిటైరయ్యాక సెంటర్ అయ్యాడు. ఆ సీజన్‌లో రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీ బంతితో 2,005 గజాలు పరిగెత్తాడు, ఈగల్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచారు. జర్గెన్స్‌ను తీసుకున్న రాత్రి ‘సెంటర్ ఉండగా ఇంకో సెంటర్ ఎందుకు’ అని గోల చేసినవాళ్లు ఎంతమందో!

ప్రశ్న: మొదటి రౌండ్ లైన్‌మన్ అంటే రిస్క్ తక్కువ అంటారు కదా?

జవాబు: అంటారు. 2013లో మొదటి నాలుగు పిక్‌లలో ముగ్గురు టాకిల్స్. కాన్సస్ సిటీ తీసుకున్న ఎరిక్ ఫిషర్ కుదురుకోవడానికి టైమ్ తీసుకున్నా చివరికి బాగానే ఆడాడు. జాక్సన్‌విల్ తీసుకున్న లూక్ జోకెల్ నిలబడలేదు. నాలుగో పిక్‌గా ఈగల్స్ తీసుకున్న లేన్ జాన్సన్ మాత్రం తన తరంలోని గొప్ప రైట్ టాకిల్స్‌లో ఒకడు, విచిత్రం ఏమిటంటే జూనియర్ కాలేజీలో అతను క్వార్టర్‌బ్యాక్!

ఈగల్స్‌దే ఇంకో ముచ్చట. 2011లో మొదటి రౌండ్‌లో 23వ పిక్‌తో గార్డ్ డానీ వాట్కిన్స్‌ను తీసుకున్నారు, అతను కొన్నేళ్లకే లీగ్ వదిలేశాడు. అదే డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో 191వ పిక్‌తో తీసుకున్నవాడే కెల్సీ. మళ్లీ 2019లో మొదటి రౌండ్‌లో లెఫ్ట్ టాకిల్‌గా ఆండ్రీ డిలార్డ్‌ను తెచ్చారు, 2021లో ఆ ఉద్యోగం ఎగరేసుకుపోయినవాడు జోర్డన్ మైలాటా. ఇతను ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడేవాడు, 2018 ఏడో రౌండ్‌లో 233వ పిక్‌గా వచ్చేనాటికి జీవితంలో ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడి ఎరగడు. రెండేళ్లు సీజన్ మ్యాచ్ ఆడించకుండా లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ చేతికి అప్పగించారు, కాలు ఎటు వేయాలి, చెయ్యి ఎప్పుడు విసరాలి అన్నది మొదటి అక్షరం నుంచి దిద్దించాడాయన.

నా మటుకు నాకు, డ్రాఫ్ట్ రాత్రి పిక్ నంబర్ ఎంత అన్నదానికంటే ఆ జట్టులో లైన్ కోచ్ ఎవరు, ఎన్నేళ్లుగా ఉన్నాడు అన్నదే పెద్ద విషయం. ప్రతి రెండేళ్లకూ కోచ్‌ను మార్చే జట్టుకు ఏడో రౌండ్ మైలాటా దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే.

ప్రశ్న: చేతుల పొడవు గురించి ఇంత రచ్చ ఎందుకు? కొలతలో అర అంగుళం తగ్గితే టాకిల్‌గా పనికిరాడా?

జవాబు: చేతులు పొడుగ్గా ఉంటే ఎదుటివాణ్ణి ముందుగా అందుకోవచ్చు, అందుకే టాకిల్స్‌కు 34 అంగుళాలు ఉంటే ఆటగాళ్లను అంచనా వేసే స్కౌట్లు ఊపిరి పీల్చుకుంటారు. 33 కంటే తగ్గితే ‘గార్డ్‌గా మార్చండి’ అంటారు. నోటర్ డామ్ టాకిల్ జాక్ మార్టిన్‌ను అలాగే డాలస్ గార్డ్‌గా మార్చింది, బంగారంలా ఆడాడు. కానీ జో థామస్ చేతులు కూడా 33 లోపే. 2007లో మూడో పిక్‌గా క్లీవ్‌లాండ్‌కు వచ్చి, లెఫ్ట్ టాకిల్‌గా వరసగా 10,363 స్నాప్‌లు ఒక్కటీ వదలకుండా ఆడి హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. కొలత హెచ్చరికగా పనికొస్తుంది, తీర్పుగా పనికిరాదు.

టేపు పక్కన పెట్టి, అలబామాలోని మొబైల్‌లో జరిగే సీనియర్ బౌల్ (డ్రాఫ్ట్‌కు ముందు కాలేజీ ఆటగాళ్లు ఆడే ప్రదర్శన మ్యాచ్) ప్రాక్టీస్ వీడియోలు చూడండి. లైన్‌మన్, పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు) ఒకరికొకరు ఎదురుగా నిలబడే డ్రిల్ ఉంటుంది, పక్కన సాయానికి ఎవరూ ఉండరు కాబట్టి అందులో సాధారణంగా రషర్‌దే పైచేయి, ఓడిపోయాడా గెలిచాడా అని లెక్కేయకండి. స్నాప్ అవ్వగానే లెఫ్ట్ టాకిల్ ఎడమ కాలు వెనక్కి ఎంత తొందరగా, ఎంత తేలిగ్గా జరిగిందో చూడండి. వంగితే మోకాళ్ల దగ్గర వంగుతున్నాడా, నడుం దగ్గర వంగుతున్నాడా? నడుం దగ్గర వంగి ముందుకు తూలేవాణ్ణి రషర్ ఒక్క గుంజుతో నేలకు పడేస్తాడు. రషర్ ఛాతీ మీదికి నేరుగా తోసుకొచ్చినప్పుడు ఎన్ని అడుగులు వెనక్కి పోయి మళ్లీ పాదాలు ఊనుకున్నాడు? అన్నిటికంటే ముఖ్యం, మొదటిసారి ఏ ఎత్తుగడకు ఓడిపోయాడో రెండోసారి కూడా దానికే ఓడిపోయాడా? అలా ఓడిపోతుంటే చేతులు ఎంత పొడుగైనా నేను భయపడతాను.

ప్రశ్న: డాలస్ కౌబాయ్స్‌లా పదేపదే మొదటి రౌండ్ పిక్‌లు లైన్ మీదే పెట్టడం మంచి పద్ధతేనా?

జవాబు: గురి కుదిరితే బ్రహ్మాండం. 2011లో తొమ్మిదో పిక్‌కు టైరన్ స్మిత్. 2013లో తమ పిక్‌ను వేరే జట్టుతో మార్చుకుని 18 నుంచి 31కి కిందికి దిగి సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్‌ను తీసుకుంటే అంత ముందు ఎందుకని నవ్వారు. 2014లో 16వ పిక్ దగ్గర, పేరుమోసిన కాలేజీ క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ ఇంకా అందుబాటులో ఉండగా, మార్టిన్‌ను ఎంచుకున్నారు. ఆ ఏడాదే డిమార్కో మర్రీ 1,845 గజాలతో లీగ్‌లో టాప్, 2016లో రూకీ ఎజీకియల్ ఎలియట్ 1,631 గజాలతో మళ్లీ టాప్. సూపర్ బౌల్ మాత్రం రాలేదు, ఆ పాపం లైన్‌ది కాదు.

ప్రశ్న: 2021లో సిన్సినాటి బెంగాల్స్ టాకిల్ పెనై సూవెల్‌ను వదిలేసి రిసీవర్ జమార్ చేజ్‌ను తీసుకుంది. తప్పా, ఒప్పా? ఇంట్లో ఇప్పటికీ గొడవే.

జవాబు: మీ ఇంట్లోనే కాదు, ఈ గొడవ చాలాచోట్ల ఉంది. 2020లో మోకాలి గాయంతో సీజన్ మధ్యలోనే ఆగిపోయిన క్వార్టర్‌బ్యాక్ జో బరోకు కాపలా కావాలి, అది ఎవరైనా చెబుతారు. ఐదో పిక్‌తో చేజ్‌ను తీసుకున్నారు, సూవెల్ ఏడో పిక్‌గా డిట్రాయిట్‌కు పోయాడు. ఆ సీజన్ ప్లేఆఫ్స్‌లో టెనెసీ మీద బరో తొమ్మిదిసార్లు, సూపర్ బౌల్‌లో ఏడుసార్లు శాక్ అయ్యాడు, 23-20తో ఓడిపోయారు. అయితే చేజ్ లేకపోతే ఆ సూపర్ బౌల్ దాకా వెళ్లేవాళ్లా అంటే, నాకు నమ్మకం లేదు.

కాబట్టి ఐదో పిక్‌ను నేను తప్పుపట్టను. రెండో రౌండ్‌ను తప్పుపడతాను. అక్కడ 38 నుంచి 46కు దిగి, క్లెమ్సన్‌లో లెఫ్ట్ టాకిల్‌గా ఆడిన జాక్సన్ కార్మన్‌ను తెచ్చి గార్డ్ ఆడమన్నారు, అతను కుదురుకోలేదు. అదే రెండో రౌండ్‌లో 37వ పిక్‌తో ఈగల్స్ గార్డ్ ల్యాండన్ డికర్సన్‌ను, 63వ పిక్‌తో కాన్సస్ సిటీ సెంటర్ క్రీడ్ హంఫ్రీని పట్టుకున్నాయి, హంఫ్రీ బెంగాల్స్ పిక్ చేసేనాటికి ఇంకా ఎవరూ తీసుకోకుండా మిగిలే ఉన్నాడు. పైగా కాన్సస్ సిటీ ఆ ఏడాదే ఆరో రౌండ్‌లో 226వ పిక్‌తో గార్డ్ ట్రే స్మిత్‌ను కూడా సంపాదించింది, రక్తం గడ్డకట్టే సమస్య ఉందని మిగతా జట్లు వెనకాడితే. 2023 ఫిబ్రవరిలో అదే లైన్, సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఈగల్స్‌ను సూపర్ బౌల్‌లో తమ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ దగ్గరికి ఒక్కసారి కూడా శాక్‌కు రానివ్వలేదు. ఈసారి గొడవ వస్తే సూవెల్ పేరు పక్కన పెట్టి, 46వ పిక్ గురించి అడగండి.