ఓసీ వేరు, సీఓ వేరు

తిరుపతి

తమ్ముడూ,

నీ కథ చదివాను. పలమనేరు హవల్దారు రేణిగుంటలో రైలెక్కే ఘట్టం చక్కగా కుదిరింది. కాశ్మీరు చేరాక కథ తడబడింది. అందుకు కారణం నువ్వు వాడిన పొట్టి పేర్లే. మన జిల్లాలో ఫౌజీ ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ఓసీ, సీఓ ఒకటేనన్నట్టు మార్చి మార్చి రాశావు. సీఓ అంటే కమాండింగ్ ఆఫీసర్. సుమారు 800 మంది ఉండే బెటాలియన్ మొత్తానికి పెద్ద, కల్నల్. ఓసీ అంటే ఆఫీసర్ కమాండింగ్. ఆ బెటాలియన్‌లో నూటికి పైచిలుకు మంది ఉండే ఒక కంపెనీకి పెద్ద, మామూలుగా మేజర్. జవాను నేరుగా సీఓ గదిలోకి వెళ్లి సెలవడగడు. ముందు సీహెచ్‌ఎంకు, అంటే హాజరూ డ్యూటీలూ చూసే కంపెనీ హవల్దార్ మేజర్‌కు చెప్పుకుంటాడు. అక్కడినుంచి మాట ఓసీ దాకా పోతుంది. ఈ మెట్లు ఎక్కించు, సెలవు దొరుకుతుందా లేదా అన్న ఆత్రం దానంతటదే పుడుతుంది.

హవల్దారు జేసీఓ, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ కాదు. ఎన్‌సీఓ, అంటే నాన్ కమిషన్డ్ ఆఫీసర్. జేసీఓలు నాయబ్ సుబేదార్‌తో మొదలవుతారు. అదే మనిషి ట్యాంకుల రెజిమెంటులో ఉంటే హవల్దారు కాదు, దఫేదారు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ హోం శాఖ కింద ఉంటాయి. అక్కడ కానిస్టేబుల్, హెడ్ కానిస్టేబులే.

ఏ మాట ఏ కాలానిదో కూడా చూసుకో. 1971 యుద్ధంలో తండ్రి చేత ఎల్‌ఓసీ, అంటే లైన్ ఆఫ్ కంట్రోల్ అనిపించావు. ఆ పేరు 1972 సిమ్లా ఒప్పందంతో వచ్చింది, అంతకుముందు సీజ్‌ఫైర్ లైన్. తండ్రి చేతిలో ఎస్‌ఎల్‌ఆర్ తుపాకి సరిపోయింది, ఇన్సాస్ తుపాకి కొడుకు తరానిది. మాజీ సైనికులకిచ్చే ఈసీహెచ్‌ఎస్ వైద్యం 2003లో మొదలైంది.

తల్లి కవరు మీద కుప్వారా అని రాయించావు. ఆమె రాసేది కొడుకు నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. కొడుకు ఏ కొండ మీదున్నాడో ఆ చిరునామా చెప్పదు. ఆ తల్లి దిగులంతా ఆ ఒక్క వరుసలో చూపించవచ్చు, వదులుకోకు.

సంభాషణలో పొట్టి పేరును విడమరచి చెప్పించకు. ఇద్దరు జవాన్లు ఒకరికొకరు అర్థాలు చెప్పుకోరు. ఇలా రాసి చూడు:

“ఏఎల్ దొరికిందా?”

“అరవై రోజులూ. ఓసీ సాబ్ సంతకం పెట్టేశాడు.”

ఏఎల్ ఏడాది సెలవని చదువరికి అర్థమైపోతుంది. అదే మనిషి ఇంటికి ఫోను చేస్తే ఏఎల్ అనడు, “లీవిచ్చినారుమా, జాతరకి వస్తాండా” అంటాడు. ఎవరితో ఏ మాట వాడతాడన్న దగ్గరే పాత్ర బతుకుతుంది. కథానాయకుణ్ణి 2022 తర్వాత చేరిన అగ్నివీరుగా మారిస్తే మాత్రం అరవై కాదు, ఏడాదికి 30 రోజులే.

రాసింది ఒక మాజీ సైనికుడికి చదివి వినిపించు. ముందు ఆయన ఏ ఏడాదుల్లో, ఏ విభాగంలో పనిచేశారో అడుగు. ఫిరంగి దళం మాట పదాతి దళానికి అతకదు. ఆయన ఎక్కడ ఆగి “అట్లనరే” అంటారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. దిద్దినాక నాకు పంపు.

నీ అన్న