సబ్సిడీ వస్తుందని ఎఫ్‌డీ తీయవద్దు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. హైదరాబాద్‌లోని నాగోలులో సొంత ఇల్లుంది. ఫార్మా కంపెనీలో ఉద్యోగం, నెలకు 92,000 రూపాయలు చేతికి వస్తుంది. గృహరుణం వాయిదా 26,000, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 45,000. బ్యాంకులో 1,60,000 ఎఫ్‌డీ ఉంది. మామూలు నెలల్లో 320 యూనిట్లు, ఎండాకాలం మూడు నెలలు 480 దాకా కరెంటు కాలుతుంది, బిల్లు సగటున 2,400. డాబా మీద 5 కిలోవాట్ల సోలార్‌కు 3,20,000 అవుతుందని ఏజెంటు చెప్పాడు. 78,000 సబ్సిడీ ఎలాగూ వస్తుంది కనుక ఎఫ్‌డీ తీసేసి, మిగతా 1,60,000కు 14 శాతం వడ్డీతో పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. పథకం మారిపోతుందని ఏజెంటు తొందరపెడుతున్నాడు. ఇదికాక, మా బావమరిది మహబూబ్‌నగర్ దగ్గర నలుగురితో కలిసి ఒక మెగావాటు సోలార్ ప్లాంటు పెడుతున్నాడు. గృహరుణం మీద 12 లక్షలు టాపప్ తీసుకుని వాటా చేరమంటున్నాడు. డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఆ కరెంటును 25 ఏళ్లు కొంటుంది కాబట్టి రిస్కు లేదంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ మధ్య సోలార్ గురించి వస్తున్న ఉత్తరాలలో మీది ఎంచుకోవడానికి కారణం, మీరు చేయబోతున్న పొరపాటును నేను వారానికి ఒకసారైనా చూస్తున్నాను. సోలార్ పెట్టించుకోవాలనుకోవడం పొరపాటు కాదు. ప్రభుత్వం ఇస్తానన్న డబ్బును చేతిలో ఉన్నట్టు లెక్కవేసి, నిజంగా చేతిలో ఉన్న డబ్బును వదులుకోవడం పొరపాటు.

ముందు ఎఫ్‌డీ సంగతి చూద్దాం. గృహరుణం వాయిదాతో కలిపి మీ ఇల్లు నడవడానికి నెలకు 71,000 కావాలి. అంటే రేపు మీ ఉద్యోగం పోతే 1,60,000 మీకు రెండు నెలలూ, మరో వారం రోజులూ వస్తుంది. ఇద్దరు పిల్లలూ, గృహరుణమూ ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు, మీ విషయంలో 4,26,000, అత్యవసర నిధిగా ఉండాలని నేను పదేళ్లుగా ఈ శీర్షికలో రాస్తూనే ఉన్నాను. అందులో సగం కూడా లేని మీరు ఉన్న కాస్తనూ డాబా మీదికి ఎక్కిస్తానంటున్నారు. సోలార్ పలకలు 25 ఏళ్లు కరెంటు ఇస్తాయి, నిజమే, కానీ ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నప్పుడు వాటిలో ఒకటి ఊడదీసి కౌంటరులో ఇవ్వలేరు.

ఇక పర్సనల్ లోన్. 1,60,000కు 14 శాతం చొప్పున అయిదేళ్లకు నెల వాయిదా సుమారు 3,720 అవుతుంది, మొత్తం వడ్డీ 63,000 దాటుతుంది. మీ కరెంటు బిల్లు 2,400. దాన్ని తప్పించుకోవడానికి 3,720 కట్టడానికి సిద్ధపడుతున్నారు. 78,000 సబ్సిడీలో అయిదింట నాలుగు వంతులు వడ్డీ రూపంలో తిరిగి బ్యాంకుకే పోతాయి. సబ్సిడీ రాగానే అసలుకు జమ చేస్తానని మీరు అనవచ్చు. అలా అన్నవాళ్లలో ఎంతమంది ఆ పని చేశారో, ఎంతమంది ఆ డబ్బుతో ఏసీ కొన్నారో నాకు తెలుసు.

సబ్సిడీ రావడం గురించి కూడా ఒక మాట. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో డబ్బు ముందు రాదు. పలకలు బిగించి, డిస్కం వారు వచ్చి చూసి, నెట్ మీటరు (మీరు గ్రిడ్డుకు ఇచ్చిన యూనిట్లనూ, వాడుకున్న యూనిట్లనూ లెక్కించేది) పెట్టి, వివరాలు పోర్టల్‌లో చేరాకే మీ ఖాతాలో పడుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే నెల రోజుల్లో రావచ్చు. అన్నీ సరిగ్గా లేని ఇళ్లు మన నగరంలో చాలా ఉన్నాయి. రెండేళ్ల కిందట నా దగ్గరికి ఉప్పల్ నుంచి ఒక దంపతులు వచ్చారు. వారి ఇంట్లో కరెంటు సర్వీసు ఇంకా చనిపోయిన తండ్రిగారి పేరునే ఉంది. పలకలు బిగించాక గానీ ఆ సంగతి ఎవరికీ గుర్తురాలేదు. పేరు మార్పు కోసం మరణ ధ్రువపత్రం, అన్నదమ్ముల సంతకాలు పోగుచేయడానికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ డాబా మీద మెరుస్తున్న పలకలు, కింద పాత మీటరులో గిర్రున తిరుగుతున్న యూనిట్లు. ఆ మధ్యలో తల్లిగారికి తుంటి ఎముక విరిగింది. ఎఫ్‌డీ ఉండి ఉంటే సరిపోయేది, కానీ దాన్ని ఏజెంటుకు ఇచ్చేశారు. ఆసుపత్రి బిల్లు క్రెడిట్ కార్డు మీద కట్టి, ఆ కార్డు బాకీకి 40 శాతం దరిదాపు వడ్డీతో ఏడాది పాటు సతమతమయ్యారు. సబ్సిడీ చివరికి వచ్చింది. అప్పటికి దాని అవసరం తీరిపోయి, దానికంటే పెద్ద అవసరం వచ్చి కూర్చుంది.

పథకం మారిపోతుందని తొందరపెడుతున్న ఏజెంటు మాటలో అబద్ధం లేదు, పథకాలు మారుతూనే ఉంటాయి. అయితే ఎటు మారాయో కూడా అతను చెప్పాలి. 2023లో 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చిన సహాయం 43,764 రూపాయలు. 2024 జనవరిలో అది 54,000 అయింది, ఫిబ్రవరిలో కొత్త పథకంతో 78,000కు చేరింది. 2025 సెప్టెంబరు 22న సోలార్ పరికరాల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఈ మధ్యకాలంలో ఆగినవాడు నష్టపోలేదు, తొందరపడి అప్పు చేసినవాడే ఎక్కువ ధర పెట్టాడు. ఇప్పటి పథకానికి ఆమోదం తెలిపినప్పుడే 2026–27 ఆర్థిక సంవత్సరం వరకు అని గడువు పెట్టారు కాబట్టి, ఆ తరువాత తగ్గవచ్చు, పోవచ్చు, మరో రూపంలో రావచ్చు. ఏది జరిగినా ఈ నెలాఖరులోగా సంతకం పెట్టడానికి అది కారణం కాదు.

అసలు మీకు 5 కిలోవాట్లు ఎందుకో కూడా ఆలోచించండి. సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, అక్కడితో ఆఖరు. నాలుగు, అయిదు కిలోవాట్లకు ప్రభుత్వం ఒక్క రూపాయి ఇవ్వదు, ఏజెంటుకు మాత్రం వాటి మీదా లాభం వస్తుంది. హైదరాబాద్ ఎండకు ఒక కిలోవాటు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుందనుకుంటే, 2 కిలోవాట్లకు నెలకు 240 యూనిట్లు. మీ 320లో అవి పోగా మిగిలేది 80. మన శ్లాబుల్లో 200 దాటిన ఇంటికి ఒక్కో యూనిట్‌కు మొదటి 200 దాకా 5.10, తరువాతి నూటికి 7.70, ఆపైన 400 దాకా 9, 400 దాటితే 9.50 రూపాయలు పడతాయి. అదే వందలోపు ఇంటికి 1.95, 3.10 రూపాయలే. అందువల్ల ఇప్పుడు 1,970గా ఉన్న యూనిట్ల చార్జీ ఒక్కసారిగా 190కి దిగుతుంది. మూడో కిలోవాటు పెడితే ఆ 190 కూడా పోతుంది, అంతే. ఎండాకాలంలో మాత్రం దానివల్ల నెలకు మరో తొమ్మిది వందల దాకా కలిసివస్తుంది. ఉజ్జాయింపుగా లెక్కిస్తే, 1,45,000 ఖర్చయ్యే 2 కిలోవాట్లలో 60,000 సబ్సిడీ పోగా మీరు పెట్టే 85,000 నాలుగేళ్ల లోపు తిరిగివస్తుంది. మూడో కిలోవాటు సొమ్ము తిరిగిరావడానికి దాదాపు పదేళ్లు కావాలి. నాలుగు, అయిదు కిలోవాట్లు చాలావరకు గ్రిడ్డుకు పోయే మిగులు కోసమే, ఆ మిగులుకు మీరు కట్టే పైశ్లాబు ధర వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. (పక్కింటివారు రేపు మరో అంతస్తు లేపితే మధ్యాహ్నం మూడింటి నుంచే మీ పలకల మీద నీడ పడుతుందన్న సంగతి కొటేషన్లలో నాకు ఇంతవరకు కనబడలేదు.)

పైన వేసిన లెక్కంతా రెండు ప్రభుత్వ నిర్ణయాల మీద నిలబడి ఉంది. ఒకటి శ్లాబు ధరలు, రెండోది గ్రిడ్డుకు ఇచ్చిన యూనిట్‌ను వాడుకున్న యూనిట్‌తో సమానంగా చూసే నెట్ మీటరింగ్. రెండూ మారగలవు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరినవారికి గ్రిడ్డుకు ఇచ్చే కరెంటు విలువను దాదాపు నాలుగో వంతుకు తగ్గించారు. మన దేశంలోనూ 2020 చివరలో వచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు నెట్ మీటరింగ్‌ను 10 కిలోవాట్లకు పరిమితం చేశాయి. అభ్యంతరాలు వచ్చాక 2021లో ఆ పరిమితిని 500 కిలోవాట్లకు పెంచారు. ఇలాంటి మార్పును తట్టుకోవాలంటే పెట్టుబడి చిన్నదై ఉండాలి, అప్పు వీలైనంత తక్కువగా ఉండాలి.

ఇప్పుడు మీ బావమరిది గారి ప్లాంటు. “డిస్కం 25 ఏళ్లు కొంటుంది, రిస్కు లేదు” అన్న మాట వింటే నాకు స్పెయిన్ గుర్తొస్తుంది. అక్కడి ప్రభుత్వం 2007లో చిన్న సోలార్ ప్లాంట్లకు యూనిట్‌కు 44 యూరో సెంట్లు దీర్ఘకాలం ఇస్తానని చట్టం చేసింది. దాదాపు 400 మెగావాట్లు వస్తాయనుకుంటే 2008 ఒక్క ఏడాదిలోనే 2,500 మెగావాట్లకు పైగా వచ్చిపడ్డాయి. ఉపాధ్యాయులు, రైతులు, పదవీ విరమణ చేసినవారు, ఇలా వేల కుటుంబాలు ఇళ్లూ పొలాలూ తాకట్టు పెట్టి వాటాలు కొన్నాయి. కరెంటు అమ్మకం ధరకూ, ఉత్పత్తిదారులకు ఇస్తానన్న ధరకూ మధ్య లోటు పేరుకుంటూ చివరికి 2,500 కోట్ల యూరోలు దాటింది. లోటు పెరుగుతున్న క్రమంలో ప్రభుత్వం 2010లో పూర్తి ధర చెల్లించే గంటలకు పరిమితి పెట్టింది, 2012 జనవరిలో కొత్త ప్లాంట్లకు సహాయం నిలిపివేసింది, 2013లో పాత హామీ ధరల విధానాన్నే రద్దుచేసి ‘సహేతుక లాభం’ అనే కొత్త లెక్క తెచ్చింది. విదేశీ పెట్టుబడి సంస్థలు అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లి పరిహారం తీర్పులు తెచ్చుకున్నాయి. పొలం తాకట్టు పెట్టిన స్పెయిన్ కుటుంబానికి ఆ దారి లేదు, బ్యాంకు వాయిదా మాత్రం మారలేదు.

అంత దూరం వెళ్లనక్కరలేదు. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించాలని కమిటీ వేసింది. యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలకు అటూఇటూగా ఒప్పందాలున్న పవన విద్యుత్ సంస్థలకు, కేసు తేలేదాకా 2.43 చొప్పున, సౌర విద్యుత్తుకు 2.44 చొప్పున చెల్లించమని ఆ సెప్టెంబరులో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2022 మార్చిలో డివిజన్ బెంచి పాత ఒప్పందం ధరే ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఉత్పత్తిదారులు గెలిచారు. కానీ ఆ రెండున్నరేళ్లు సగం ధరతో నెట్టుకొచ్చినవి వెనుక పెద్ద పెట్టుబడి ఉన్న సంస్థలు. మీ బావమరిది గారి నలుగురు భాగస్వాములు ఎన్ని నెలలు నెట్టుకురాగలరు? ధర మారకపోయినా డబ్బు సమయానికి వస్తుందన్న భరోసా లేదు. డిస్కంల బకాయిలు ఎంతగా పేరుకున్నాయంటే, 2022లో కేంద్రం ఆలస్యపు చెల్లింపుల మీద సర్‌చార్జీ నిబంధనలు తేవలసి వచ్చింది. ప్రభుత్వాలు ఈ మద్దతును సవరించడం తప్పని నేను అనను, ఎక్కువ ధరకు కొన్న కరెంటు భారం చివరికి ప్రతి ఇంటి బిల్లులోనే పడుతుంది కనుక సవరించక తప్పదు. జర్మనీ 2022 జూలైలో పునరుత్పాదక విద్యుత్తుకు మద్దతు కోసం వినియోగదారుల బిల్లులో వసూలు చేసే సర్‌చార్జీని తీసేసి బడ్జెట్ మీదికి మార్చింది, అయినా పాత ప్లాంట్లకు ఇచ్చిన 20 ఏళ్ల మాట నిలుపుకొంది. మనం జర్మనీలో లేము.

టాపప్ 12 లక్షలకు తొమ్మిదిన్నర శాతం చొప్పున పదిహేనేళ్లకు వాయిదా 12,500 దాటుతుంది. పర్సనల్ లోన్‌తో కలిపితే మీ నెల మిగులు 21,000లో దాదాపు 4,700 మాత్రమే మిగులుతాయి. ఇంకొక విషయం మీకెవరూ చెప్పి ఉండరు. అది భాగస్వామ్య సంస్థ అయితే సంస్థ అప్పు మొత్తానికి ప్రతి భాగస్వామీ బాధ్యుడే. కోట్లలో ఉండే ప్లాంటు రుణం ఆగిపోయిన నాడు బ్యాంకువారు మీ 12 లక్షలు చూసి ఊరుకోరు, నాగోలు ఇంటి వైపు చూస్తారు. ఇంటి మీద అప్పు చేసి వ్యాపారంలో వాటా కొనడం, అదీ ధర ప్రభుత్వం చేతిలో ఉన్న వ్యాపారంలో, నేను ఏ వయసువారికీ ఒప్పుకోను.

మీరు చేయవలసింది ఇది. ఎఫ్‌డీని కదిలించకండి. నెలకు మిగులుతున్న 21,000ను దానికి చేర్చండి. ఆరు నెలల్లో నాలుగు నెలల ఖర్చు, 2,84,000, చేరుతుంది. ఈలోగా కరెంటు సర్వీసు, ఇంటి పన్ను, బ్యాంకు ఖాతా ఒకే పేరున ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఇప్పుడే మార్పించండి. అప్పుడు 2 కిలోవాట్లకు దరఖాస్తు చేసి, ఆ పథకం కోసమే ప్రభుత్వ రంగ బ్యాంకులు హామీ లేకుండా పర్సనల్ లోన్‌లో సగం వడ్డీకి ఇస్తున్న రుణం తీసుకోండి, సబ్సిడీ పడిన రోజే దాన్ని అసలుకు జమ చేయండి. ఆ తరువాత కూడా అత్యవసర నిధి 4,26,000 అయ్యేదాకా మరే పెట్టుబడీ వద్దు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఒక్కటే ఉంటే సొంతంగా మరొకటి తీసుకోండి, మీ మీద టర్మ్ పాలసీ లేకపోతే సోలార్‌కంటే ముందు అది. ఎండాకాలం బిల్లు మరీ భారమైతే పాత ఫ్రిజ్, ఏసీ మార్చడం గురించి ఆలోచించవచ్చు.

బావమరిది గారితో మాటామాటా వస్తుందని మీకు బెంగ ఉంటే, విద్యుత్ కొనుగోలు ఒప్పందం నకలు, భాగస్వామ్య పత్రం, బ్యాంకు రుణ మంజూరు లేఖ, ఈ మూడూ తెచ్చి చూపమనండి. మంజూరు లేఖలో వ్యక్తిగత పూచీ ఎవరెవరు ఇవ్వాలో రాసి ఉంటుంది. ఆ పేజీ మీ శ్రీమతి గారితో కలిసి చదవండి.