టైంటేబుల్‌ మంగళవారానికే ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక ఏడాదిన్నరగా హనుమకొండలో హాస్టల్‌లో ఉంటూ గ్రూప్‌-2కు చదువుతున్నాను. ప్రతి ఆదివారం రాత్రి కొత్త టైంటేబుల్‌ రాసుకుంటాను. పొద్దున నాలుగున్నరకు లేవాలి, రోజుకు 14 గంటలు చదవాలి అని. సోమవారం ఎలాగోలా నడుస్తుంది, మంగళవారానికి తప్పుతుంది. ఇక ఆ వారమంతా పోయినట్టే. ఫోన్‌ పట్టుకుంటే గంటలు తెలియవు. ఊరికి పోయి వస్తే మళ్లీ పుస్తకం తెరవడానికి పది రోజులు పడుతుంది. నా ఖర్చులన్నీ మా అన్నే చూస్తున్నాడు. ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడిగితే ‘సిలబస్‌ అయిపోవచ్చింది’ అని అబద్ధం చెబుతున్నాను. ఇప్పుడు అన్న ఫోన్‌ వస్తే ఎత్తబుద్ధి కావడం లేదు. నాకు క్రమశిక్షణ అనేదే లేదా? దాన్ని ఎట్లా అలవాటు చేసుకోవాలి?

- ఒక సోదరి, హనుమకొండ

జవాబు: ముందు ఆ టైంటేబుల్‌ లెక్కే చూద్దామమ్మా. రోజుకు 24 గంటలు. చదువుకు 14 పోతే మిగిలేది పది. నిద్రకు ఏడు తీసేస్తే మూడు. ఆ మూడు గంటల్లోనే బాత్రూం దగ్గర వంతు కోసం నిలబడాలి, మెస్సులో మూడు పూటలా తినాలి, బట్టలు ఉతుక్కోవాలి, స్టడీ హాల్‌కు పోయి రావాలి, ఇంటికి ఫోన్‌ చేయాలి. ఎవరికైనా కుదరదు. సోమవారం నిద్ర కోసి కుదిర్చారు. మంగళవారం ఒళ్లు ఆ నిద్రను వడ్డీతో సహా వసూలు చేసుకుంది. తప్పు టైంటేబుల్‌ది. మీరేమో ప్రతి మంగళవారం ఆ తప్పును మీ మీద వేసుకుంటున్నారు.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉంటుంది. ఏడాదిన్నర అంటే డెబ్బైకి పైగా ఆదివారాలు. అన్నిసార్లు టైంటేబుల్‌ రాశారంటే, రాయడంలోనే ఏదో ఊరట దొరుకుతోందన్నమాట. గళ్లు గీసి రంగు పెన్నులతో నింపేసరికి సగం చదివేసినంత తృప్తి. ‘వచ్చే సోమవారం’ అనగానే ఈ వారం బరువు దిగిపోతుంది. అందుకే మీకు నేను కొత్త టైంటేబుల్‌ ఇవ్వను. వచ్చే ఆదివారం మీరూ రాయొద్దు.

దాని బదులు ఒక చిన్న నోటుబుక్‌ కొనండి. మొదటి ఏడు రోజులు ఏమీ మార్చకుండా, చదవడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక వరుస రాయండి: కూర్చున్న టైము, లేచిన టైము, చదివిన టాపిక్‌, ఎందుకు లేచారు. ఆ చివరి గడి ముఖ్యం. ‘ఫోన్‌ మోగింది’, ‘నిద్ర వచ్చింది’, ‘అర్థం కాలేదు’, ‘రూమ్‌మేట్‌ టీకి పిలిచింది’ - ఏదైతే అది. స్టడీ హాల్‌లో పది గంటలు ఉన్నా పుస్తకం మీద ఉన్నది మూడో నాలుగో గంటలని తేలవచ్చు. తేలితే కంగారు పడొద్దు, దాచుకోవద్దు. నిజంగా చేతిలో ఉన్న సరుకు అదే, లెక్క అక్కడి నుంచే మొదలు.

ఉదాహరణకు రోజుకు మూడున్నర గంటలు వచ్చిందనుకుందాం. రెండో వారం లక్ష్యం నాలుగు గంటలు, అంతకు మించి ఒక్క నిమిషం వద్దు. పదిహేను రోజులకోసారి అరగంట పెంచండి. ఈ లెక్కన ఏడున్నర గంటలకు చేరడానికి మూడున్నర నెలలు పడుతుంది. నెమ్మదిగా అనిపిస్తుంది కానీ, 14 గంటల పథకంతో ఏడాదిన్నర గడిచింది కదా! ఏడున్నర, ఎనిమిది దగ్గర ఆపేయండి. ఆ పైన గంటలు పెరుగుతాయి గానీ తలకెక్కేది పెరగదు.

చదివే వేళను గడియారానికి కాకుండా రోజూ ఎలాగూ జరిగే పనికి కట్టేయండి. ‘ఉదయం 8.00కు’ అని పెట్టుకుంటే, మెస్సులో టిఫిన్‌ ఆలస్యమై 8.20 అయిన రోజున ‘తప్పింది’ అనిపిస్తుంది. ‘టిఫిన్‌ ప్లేటు కడిగి పెట్టగానే అదే కుర్చీలో, అదే పుస్తకం’ అనుకుంటే టిఫిన్‌ ఎప్పుడైనా సరే మాట తప్పదు. రేపు తెరవబోయే పేజీలో ఈ రాత్రే పెన్ను పెట్టి పుస్తకం మూయండి. పొద్దున్నే ‘ఏం చదవాలి’ అని ఆలోచించడం మొదలుపెడితే అరగంట అక్కడే కరిగిపోతుంది.

ఇక అన్నిటికంటే పనికొచ్చేది - అడుగు గీత, అంటే ఏ రోజైనా అంతకంటే కిందికి దిగకూడని హద్దు. జ్వరం వచ్చినా, పెళ్లికి పోయినా, మనసు బాగా లేకపోయినా ఆ రోజు 20 నిమిషాలు. పది బిట్లు, వాటి జవాబులు సరిచూసుకోవడం, అంతే. అది చేస్తే ఆ రోజు తప్పనట్టే లెక్క. అది కూడా చేయలేని రోజు వస్తుంది, రానివ్వండి. రెండో రోజు మాత్రం వరుసగా పోకూడదు. అలవాట్ల మీద లండన్‌లో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొత్త అలవాటు ఒంటబట్టడానికి కొందరికి 18 రోజులు పడితే, కొందరికి 254 రోజులదాకా అంచనా తేలింది. మధ్యస్థంగా 66. ‘21 రోజుల్లో ఏ అలవాటైనా’ అనే వీడియోలను నమ్మకండి. ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా అదే అధ్యయనంలో తేలింది. మీ వారాన్ని పాడు చేస్తున్నది మంగళవారం కాదు. ఆ రాత్రి మీరు రాసే తీర్పు.

కూర్చున్నాక ఏం చేస్తున్నారన్నది ఇంకా పెద్ద సంగతి. చాలామంది హైలైటర్‌ పట్టుకుని పేజీ అంతా పసుపు చేస్తారు. మూడోసారి చదివేసరికి ప్రతి లైనూ తెలిసినట్టే ఉంటుంది. మొహం చూస్తే గుర్తుపట్టడం వేరు, పేరు చెప్పగలగడం వేరు. పరీక్షలో నాలుగు ఆప్షన్లూ తెలిసిన మొహాలే కదా!

50 నిమిషాలు ఇలా వాడండి. 25 నిమిషాలు చదవండి, పెన్ను ముట్టుకోవద్దు. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద 10 నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. మళ్లీ తెరిచి 10 నిమిషాలు ఎర్ర పెన్నుతో దిద్దండి. చివరి 5 నిమిషాలు దిద్దిన వాటినే ప్రశ్నలుగా వెనక పేజీలో రాయండి. నాలుగో పేపర్‌ (తెలంగాణ ఉద్యమం)లో స్థానికుల ఉద్యోగాల గొలుసు తీసుకోండి: 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలపై (స్థానికులకే ఉద్యోగాలన్న నిబంధనలు) సుప్రీంకోర్టు తీర్పు, 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబర్‌ 30న 610 జీవో. పుస్తకం మూసి రాసినప్పుడు 1973, 1975 దగ్గర తారుమారయ్యే అవకాశం ఎక్కువ. ఏడాదులను బట్టీ పడితే అంతే. ‘ఆరు సూత్రాలు ఒప్పుకున్నారు, వాటిని అమలు చేయడానికి ఉత్తర్వులు వచ్చాయి, ఆ ఉత్తర్వులకు విరుద్ధంగా నియామకాలు జరిగాయి కాబట్టి 610 వచ్చింది’ - ఇలా ఒకదాని వెనక ఒకటి ఎందుకు వచ్చిందో చెప్పుకుంటే ఏడాది దానంతటదే తన చోట కూర్చుంటుంది.

ఆ వెనక పేజీ ప్రశ్నలను మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, పది పన్నెండు రోజులకు ఇంకోసారి పుస్తకం చూడకుండా చెప్పుకోండి. చదివింది చదివినట్టే జారిపోతుందని ఎబ్బింగ్‌హాస్‌ అనే జర్మన్‌ పరిశోధకుడు 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు. మరిచిపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు.

మధ్యాహ్నం సంగతి విడిగా చెప్పాలి. 2024 డిసెంబర్‌లో గ్రూప్‌-2 జరిగినప్పుడు రోజుకు రెండు పేపర్లు, రెండోది మధ్యాహ్నం 3 నుంచి 5.30 దాకా. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. సరిగ్గా హాస్టల్‌ అంతా గుర్రుపెట్టే వేళ! అందుకే వారానికి ఒక్కరోజైనా, ఆదివారం అనుకోండి, మూడింటికి కూర్చుని రెండున్నర గంటలు లేవకుండా మాక్‌ టెస్ట్‌ రాయండి. మిగతా రోజుల్లో తిన్నాక 20 నిమిషాలు కునుకు తీయండి, అలారం పెట్టుకుని. లేచాక ఎకానమీ పాఠం పట్టుకోకండి, లెక్కలో రీజనింగో చేయండి. చేయి కదిలితే నిద్ర నిలవదు. నాలుగున్నరకు లేవాలన్న పట్టు కూడా వదిలేయండి. రాత్రి పన్నెండుకు పడుకుని నాలుగున్నరకు లేవడం చదువు కాదు, ఉపవాసం. ఇప్పుడు ఏడింటికి లేస్తుంటే మూడు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు జరపండి, పడుకునే టైమునూ అంతే జరపండి. ఐదున్నరకు వస్తే చాలు.

ఫోన్‌ను ఊళ్లో వదిలి రావడం, కీప్యాడ్‌ ఫోన్‌ కొనడం లాంటి శపథాలు వద్దు. క్లాసులు, కరెంట్‌ అఫైర్స్‌ అందులోనే ఉంటాయి, వారంలో మళ్లీ చేతికొస్తుంది. వరంగల్‌ చౌరస్తాలో ఒక మామూలు అలారం గడియారం కొనుక్కోండి. అలారం కోసం ఫోన్‌ దిండు పక్కన పెట్టుకుంటే అలారం ఆపిన వేలే రీల్స్‌ తెరుస్తుంది. స్టడీ హాల్‌లో మీ ఫోన్‌ పక్క సీటు అమ్మాయి బ్యాగులో, ఆమె ఫోన్‌ మీ బ్యాగులో. అడిగి తీసుకోవాలంటే సిగ్గేస్తుంది, ఆ సిగ్గే కాపలా. టెలిగ్రామ్‌లో ఎన్ని గ్రూపులు ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కటి ఉంచి మిగతావన్నీ వదిలేయండి. దించుకున్న పీడీఎఫ్‌లు చదివినట్టు కాదు. ఒక్కో సబ్జెక్టుకు ఒకే పుస్తకం, నాలుగుసార్లు.

ఊరి సంగతి. పత్తి ఏరే రోజుల్లో ఇంటికి రమ్మంటారు, బతుకమ్మకు తొమ్మిది రోజులు ఎటూ కదలబుద్ధి కాదు, మేడారం జాతర జరిగే ఏడాది సరేసరి. పోండి. బ్యాగు నిండా పుస్తకాలు మాత్రం తీసుకుపోకండి. అవి తెరవకుండానే తిరిగొస్తాయి, ఆ బరువుకు బాధ తోడవుతుంది. ఆ వెనక పేజీల నోటుబుక్‌ ఒక్కటి చాలు. ఇంట్లో అడుగు గీత 20 నిమిషాలే, వాకిలి ఊడ్చి చాయ్‌ తాగగానే, అందరూ పనిలో పడకముందే. అసలు తెగేది ఊళ్లో కాదు, తిరిగొచ్చిన రోజు. పరకాల బస్సు దిగి, సకినాల డబ్బా రూమ్‌లో పెట్టి, ‘ఈరోజు అలసిపోయా, రేపటి నుంచి’ అంటారు చూశారా, అక్కడ. ఆ సాయంత్రమే స్టడీ హాల్‌కు పోయి 20 నిమిషాలు కూర్చుని వచ్చేయండి. ఏం చదివారన్నది ముఖ్యం కాదు, ఆ కుర్చీలో కూర్చోవడమే ముఖ్యం.

నోటిఫికేషన్‌ వచ్చాక గట్టిగా చదువుతానని మనసులో ఉంటే అది కూడా తీసేయండి. కిందటి గ్రూప్‌-2 నోటిఫికేషన్‌ 2022 డిసెంబర్‌లో వస్తే, వాయిదాలు పడి పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. తేదీని నమ్ముకుని చదివినవాళ్లు వాయిదా పడ్డ ప్రతిసారీ నెల రోజులు కుదేలయ్యారు. మీ తేదీ మీ ఆదివారం మాక్‌ టెస్టే.

ఇప్పుడు అన్న గురించి. మిమ్మల్ని అలసట పెడుతున్నది చదువు ఒక్కటే కాదని నాకనిపిస్తోంది. చెప్పిన అబద్ధాన్ని మోయడానికి కూడా శక్తి పోతుంది. సిలబస్‌ అయిపోవచ్చిందన్నారు కాబట్టి మొదటి నుంచి చదవడానికి కూడా సిగ్గుపడుతున్నారు. వెంటనే ఫోన్‌ చేసి ఏడవొద్దు. మూడు వారాలు నోటుబుక్‌ నిండాక ఊరికి వెళ్లి, వదిన, అమ్మ లేనప్పుడు పక్కన కూర్చుని చూపించండి. ‘అన్నా, అయిపోవచ్చిందని చెప్పిన గానీ కాలేదే. సగం కూడా కాలేదు. భయమై చెప్పలే. ఇగో, ఈ మూడు వారాలు రోజుకు ఎంత చదివిననో రాసిన. సూడు’ అనండి. కోప్పడతాడు. పడనివ్వండి, ఎదురు చెప్పొద్దు. కోపం దిగాక ఇంకా ఎన్ని నెలలు ఖర్చు పెట్టగలడో సూటిగా అడగండి. ఆ గడువు దాటితే ఉద్యోగం చేసుకుంటూ చదవాలా అన్నది ఇద్దరూ కలిసే అనుకోండి. తర్వాత ప్రతి ఆదివారం రాత్రి, అంటే టైంటేబుల్‌ రాసే ఆ వేళకే, ఒక మెసేజ్‌ పెట్టండి: ‘ఈ వారం 26 గంటలు. పాలిటీ మూడు చాప్టర్లు. మాక్‌లో 150కి 71.’ 71 అని రాయడానికి చేయి రాదు, తెలుసు. అయినా అదే రాయండి.

ఒక్క జాగ్రత్త. ఎంత పడుకున్నా నీరసంగా ఉంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించుకోండి. 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క, అప్పుడు క్రమశిక్షణను తిట్టుకుని లాభం లేదు. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేక, నిద్ర, తిండి తప్పి, బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ నోటుబుక్‌ పక్కన పెట్టి ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ టెలిమానస్‌ 14416కు ఫోన్‌ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మూడు వారాల తర్వాత ఆ ‘ఎందుకు లేచారు’ గడిలో ఏ కారణం ఎక్కువసార్లు ఉందో లెక్కపెట్టి మళ్లీ రాయండి. ‘అర్థం కాలేదు’ అన్నదే ఎక్కువుంటే మనం మాట్లాడుకోవాల్సింది అలవాటు గురించి కాదు, ఆ సబ్జెక్టు గురించి.